ఎదురుగా, తరవాతి మాట

శ్రావణ శుద్ధ షష్ఠి

గాలి తక్కువ. నీటిమట్టం మామూలు. రెండు పంపులూ నడుస్తున్నాయి. లాకు తలుపుల ముందున్న జల్లెడ నిండా జెల్లీ చేపలు పేరుకుంటే పొద్దున్నంతా పారతో తోడి సముద్రం వైపు పారబోశాను. చేతులు ఇంకా దురద పెడుతున్నాయి.

మెట్టన ఉన్న కట్ట కార్యాలయానికి కావలసింది ఇంతే. గాలి, నీరు, పంపు. కింద రాసేది వాళ్ళకి కాదు. ఇక్కడ మాట్లాడటానికి ఎదురుగా మనిషి ఉండడు. రాయకపోతే మాటలు మరిచిపోతానేమోనని రాస్తున్నాను.

కట్టకి తూర్పున సముద్రం. పడమట ఒకప్పటి వరిపొలాలు, ఇప్పుడు ఉప్పు చవుడు. ఈ కట్ట తెగితే ఉప్పు మెట్ట దాకా పాకుతుంది. అందుకని కట్ట పొడుగునా బురుజులు, బురుజుకొక మనిషి. నాకు ఉత్తరాన ఉన్న బురుజులో పేరంటాలక్క ఉంటుంది. నేను ఆమె ముఖం చూడలేదు. ఎండ బాగా కాసిన రోజున ఆమె ఆరేసిన చీర దూరంగా ఒక రంగు చుక్కలా కనిపిస్తుంది. మా మధ్య కట్టలోపలి నుంచి ఒక ఫోను తీగ ఉంది, మాట తప్ప మరేదీ మోయలేదు. నీళ్ళ మీదుగా ఇంకో తీగ ఉంది, దానికి గిలకల మీద ఒక పెట్టె వేలాడుతూ అటూ ఇటూ నడుస్తుంది. తీగబండి అంటాం. నేను తొట్లలో పెంచిన గోంగూర పంపుతాను. ఆమె ఎండు మెత్తళ్ళు, వేలెడంత చేపలు, పొట్లం కట్టి పంపుతుంది.

ఈ రోజు కూడా వచ్చింది పొట్లం. వండుకున్నాను. తిన్నాను.

శ్రావణ పౌర్ణమి

పోటు ఎక్కువ. పంపులు పగలంతా ఆపలేదు.

పేరంటాలక్క ఫోన్ చేసింది. పెద్దపోటు రోజున ఇద్దరం గంటకోసారి పలకరించుకోవాలని నియమం. నీటిమట్టం చెప్పుకున్నాక ఆమె తీగ వదల్లేదు.

"ఈడ చెవిపూస పలకదు గదా. పొద్దెట్టా పోద్దమ్మా నీకు?"

"అది పలకకపోతేనే హాయిగా ఉందక్కా."

"మెట్టన ఏం పని సేసేదానివి?"

"చదవడం."

"అదేం పని? చెవిపూసే సదివి సెప్పుద్ది గదా అన్నీ."

చెప్పాను. మెట్టన పుస్తకాలు యంత్రాలే రాస్తాయి. చెవిపూస వాటి సారం తీసి నాలుగు మాటల్లో చెవిలో చెబుతుంది. కానీ రాసినదాన్ని కనీసం ఒక మనిషి మొదటినుంచి చివరిదాకా చదివినట్టు ముద్ర పడితేగాని జనంలోకి వదలకూడదని చట్టం. ఆ ఒక్క మనిషిని, ఆ చదువు సాక్షిని, నేను. బడుల్లో అక్షరాలు నేర్పడం మానేశాక అవి వచ్చిన వాళ్ళు కొద్దిమందే మిగిలారు. మా పెద్దనాన్న పట్టుబట్టి నేర్పాడు కాబట్టి నాకు వచ్చు. చిన్నప్పుడు నడుస్తూ చదువుతూ మురిక్కాలవలో పడ్డాను. లేచి, బట్టలు తుడుచుకోకుండా ముందు పుస్తకం తుడుచుకున్నాను. అలాంటిదానికి ఆ ఉద్యోగం వస్తే పండగే అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

"మరెందుకు మానేసావ్?"

ఒక రోజు ఒక నవలలో బిడ్డ చనిపోయే చోటు చదువుతున్నాను. నా కళ్ళు వరస వెంట వరస దిగుతున్నాయి. ఎదురుగా ముద్ర యంత్రం గాజుకన్ను నా చూపుని చూస్తోంది. నేను మాత్రం మధ్యాహ్నం ఏం తినాలా అని ఆలోచిస్తున్నాను. పేజీ తిరిగింది, ముద్ర పడింది. ఆ తరవాత ఏ అక్షరం మీదా చూపు నిలిచేది కాదు. పెద్దనాన్న ఇచ్చిన పుస్తకాలు కూడా తెరిచి చూశాను. ఏవీ పలకలేదు. అన్నీ ఇచ్చేసి కట్ట మీదికి వచ్చాను.



"నాకు అచ్చరాలే రావు. నీకొచ్చినయ్యి పోయినయ్యి. ఇద్దరం ఒకటే," అంది పేరంటాలక్క.

భాద్రపద శుద్ధ దశమి

ముసురు. కిరసనాయిల్లో నీళ్ళు కలిసినట్టున్నాయి, పొయ్యి అంటుకోలేదు.

రోజూ పొట్లం విప్పగానే ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేదాన్ని. అది ఏం కాగితమో ఎప్పుడూ చూడలేదు. ఇవాళ పొయ్యి వెలగక కాగితం నేల మీదే ఉండిపోయింది. గిన్నె కడిగి వచ్చేసరికి దాని మీద ఒక మాట కనిపించింది. హార్మోనియం.

అచ్చు కాగితం. పాతది. మనుషులు రాసిన రోజులనాటిది. చేప వాసన.

రెండు వరసలు చదివి ఆపేశాను. మళ్ళీ చూపు జారిపోతుందేమోనని ఆ రెండు వరసలే ఇంకోసారి చూశాను. జారలేదు. అయినా కాగితాన్ని మడిచి పక్కన పెట్టాను.

భాద్రపద బహుళ తదియ

గాలి ఆగ్నేయం. దక్షిణపు పంపుకి గ్రీజు పెట్టాను.

కాగితాల్లో ఉన్నామె పేరు గంగ. రైలు కూడలి ఉన్న ఒక ఊళ్ళో హార్మోనియంలు బాగుచేస్తుంది. ఒకతను ఒక్క మెట్టు పలకని హార్మోనియం తెచ్చి ఇచ్చాడు. బుధవారం వస్తానన్నాడు. రాలేదు. ఏళ్ళు గడిచాయి. గంగ ఆ పెట్టెని వారానికోసారి తుడుస్తుంది. తను బాగుచేసేసిందని, ఇప్పుడు పలుకుతోందని అతనికి తెలియదు.

మూడు పొట్లాల కాగితాలు కలిపితే తెలిసింది ఇది. మొదటి పేజీలు నా పొయ్యిలోనే కాలిపోయాయి. 

మెత్తళ్ళు కావాలని అడిగాను.

"మొన్ననే గదమ్మా పంపా. నువ్వే తింటన్నావా, ఎవురికన్నా పెడతన్నావా?"

"నేనే తింటున్నాను."

"కడుపు జాగర్త."

నిజానికి మెత్తళ్ళు డబ్బాలో పోసి మూత పెట్టాను. కాగితం గోడకి ఆనించి, మరకల కింద ఉన్న అక్షరాలు పోల్చుకుంటూ చదివాను. ఒక పేజీకి పూటంతా పట్టింది. ఎప్పుడు సాయంత్రమైందో తెలియలేదు. పంపు గంట మోగితే ఉలిక్కిపడ్డాను.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

ఇవాళ వచ్చిన కాగితం చివరి వరసలు ఇవి: "ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గంగ చేతిలోని పనిముట్టు కింద పెట్టి వెళ్ళి గడియ తీసింది. ఎదురుగా"

అంతే. పేజీ అయిపోయింది.

కాగితం తిప్పాను. వెనక వైపు అంతకు ముందు పేజీ. మళ్ళీ తిప్పాను. కాసేపు బురుజులో అటూ ఇటూ తిరిగాను. ఎన్నేళ్ళయిందో నాకిలా జరిగి. ఒళ్ళంతా ఒకటే మాట. తరవాత?

ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"అయ్యో పిచ్చిదానా. ముందే సెప్పొచ్చు గదా," అంది పేరంటాలక్క. "నాకంటే ముందున్నోళ్ళెవురో రేకుపెట్టిలో వదిలేసి పోయారు. అట్టలు లేవు. ఉత్త కాయితాలే గదా అని ముందు నుంచి సింపుతన్నా."

"ఇంక చింపకక్కా. ఉన్నదంతా పంపు."

"ఇయ్యాల గాలి ఎక్కువుంది. రేపు పొద్దున్నే బండిలో పెడతా."

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

తుపాను వచ్చి పోయింది. మేం ఇద్దరం బతికే ఉన్నాం. పంపులు నడుస్తున్నాయి. దక్షిణపు లాకు తలుపు ఒకటి వంగింది.

తీగబండి తీగ తెగిపోయింది. పెట్టె సముద్రంలో పడింది. పుస్తకం అందులో లేదు. గాలి చూసి పేరంటాలక్క పెట్టలేదట. అది విన్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

మరమ్మతు పడవ చలికాలం వస్తేగాని రాదని కార్యాలయం అంది.

ఆశ్వయుజ బహుళ పంచమి

గాలి తగ్గింది.

నేనే అడిగాను. "అక్కా, పుస్తకంలో ఇప్పుడు అన్నిటికన్నా పైనున్న కాగితం తీసి చూడు."

"సూత్తే నాకేం తెలుసుద్దమ్మా?"

"అక్షరం పేరు తెలియక్కర్లేదు. బొమ్మ ఎట్టా ఉందో చెప్పు."

తీగలో కాగితం చప్పుడు. గొంతు సవరించుకుంది.

"ముందుది గాలం కొక్కెం వంచి బోర్లా పెట్టినట్టుంది. నెత్తిన తోక కుడేపుకి లాగి ఉంది."

"గా. తరవాత?"

"తరవాత రెండూ అక్కసెల్లెళ్ళ లెక్కున్నాయి. అక్క నెత్తిన గుండ్రంగా గుడిసె కప్పు. సెల్లెలికి ఉత్త పిలకే."

"కడుపులో మెలిక ఎవరికుంది?"

"అక్కకే."

నేను గోడ మీద బొగ్గుతో రాసి చూసుకున్నాను. నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి చెప్పించాను. అదే.

"గాడిద," అన్నాను.

"ఏందీ?"

"తలుపు తీసేసరికి ఎదురుగా గాడిద ఉందక్కా."

 తీగకి అటువైపు మొదలైంది నవ్వు. నేనూ నవ్వాను. నా నవ్వు బురుజు గోడలకి తగిలి తిరిగి వస్తే ఎవరిదో అనుకున్నాను. ఈ గోడల మధ్య అంతకు ముందు నవ్విన గుర్తు లేదు.

ఆ పూటంతా కూర్చుంటే రెండు వాక్యాలు తేలాయి. దాని వీపున మూట. వెంట మనిషి లేడు.

సాక్షిగా చదివిన రోజుల్లో ఇంతసేపట్లో ఒక నవల అయిపోయేది. ఈ రెండు వాక్యాలకే నాకు కడుపు నిండినట్టుంది.

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

రోజూ పగటి పాటు వేళ, సముద్రం నీళ్ళు వెనక్కి తీసి పంపులు ఆపినప్పుడు చదువుతున్నాం. ఆమె బొమ్మ చెబుతుంది. నేను పేరు చెబుతాను. ఒకసారి చెప్పిన పేరు ఆమె మళ్ళీ అడగడం లేదు. సున్నా, కొమ్ము, గుడి అన్నీ పట్టేసింది. వత్తులంటే మాత్రం కోపం.

"కింద ఏలాడే ఈ పిల్లలెందుకమ్మా? పైనోళ్ళు సాలరా?"

మూటలో ఏముందో ఇంకా రాలేదు. దాని గురించి నిన్న ఇద్దరం వాదించుకున్నాం. అతని హార్మోనియం పాటల పుస్తకాలై ఉంటాయని నేను. అతని బట్టలని ఆమె.

"బట్టలెందుకు పంపుతాడు?"

"ఆయన పంపలా. ఆయన పోతే ఎవురో పంపారు," అంది.

 ఆమే చెప్పింది. ఆమె పెనిమిటి వేటకెళ్ళి రాలేదు. పడవ దొరకలేదు, మనిషి దొరకలేదు. మెట్టన అందరూ కర్మ చేసెయ్యమన్నారట. ఆమె చెయ్యకుండా కట్ట మీద పనికి వచ్చింది. ఇక్కడైతే సముద్రం రోజూ కనిపిస్తుందని.

"ఆయన బట్టలన్నా వత్తే బాగుండని శానాసార్లు అనుకున్నా," అంది. "సరే, సదువు. ఇక్కడ సున్నా ఉంది."

కార్తీక శుద్ధ సప్తమి

పేరంటాలక్క బురుజు అడుగున నీరు ఊరుతోంది. ఊట బురదగా వస్తోందట. అంటే లోపల కట్ట మట్టి కరుగుతోంది. కార్యాలయానికి చెప్పాను. చూస్తామన్నారు.

మూటలో బట్టలు లేవు, పాటల పుస్తకాలూ లేవు. రేగుపళ్ళున్నాయి. ఇద్దరం ఓడిపోయాం. రేగుపళ్ళు ఎవరు పంపారో, ఎందుకు పంపారో గంగకీ తెలియలేదు. గాడిద మాత్రం పెరట్లో నిలబడిపోయింది. తెల్లారి లేచి చూస్తే లేదు.

కార్తీక శుద్ధ ద్వాదశి

నిర్ణయం వచ్చింది. పున్నమి పోటుకి ఆ బురుజు నిలవదు. దాన్ని వదిలేస్తున్నారు. కట్టని వెనక ఉన్న పాత గట్టుకి కలుపుతారట. ఇక నాదే కట్టకి ఉత్తరపు కొస. పేరంటాలక్కని ఎల్లుండి పడవ వచ్చి ఎక్కించుకుంటుంది. మా మధ్య సుడులున్నాయి కాబట్టి పడవ ఇటు రాదు. కట్ట తెగితే ఫోను తీగా తెగుతుంది.

ఆమెకి నేనే చెప్పాల్సి వచ్చింది. విని, "మిరపకాయలు ఎండబెట్టా. ఎత్తెయ్యాలి," అంది.

పాటు వేళ మామూలుగానే చదవడానికి కూర్చున్నాం. పుస్తకం ఇంకా సగం మందం ఉంది. ఆమెకి ఓపిక కుదరడం లేదని తెలుస్తోంది.

"అమ్మా, ఒకటడగనా? ఆకరి కాయితం సదివేద్దాం. ఆయనొచ్చాడో లేదో తెలుసుకుని పోతా."

వద్దు అనాలనిపించింది. చెవిపూస చేసేదీ అదే, ఏ కథకైనా చివర ముందే చెప్పెయ్యడం. కానీ ఆమె ఎందుకు అడుగుతోందో తెలిసి ఎలా వద్దంటాను?

"పుస్తకం నీదక్కా. తీసి చూడు. ఇప్పుడు నీకే చాలా అక్షరాలు వచ్చు."

కాగితాలు తిరగేసిన చప్పుడు.  తరవాత నీళ్ళ మోత మాత్రం వినిపిస్తోంది. ఆమె వైపుదో నా వైపుదో తెలియడం లేదు.

"అక్కా?"

"ఉన్నా."

"చదివావా?"

"లేదులే. మూసేశా." గొంతు మెల్లగా ఉంది. "ఆవిడింకా పెరట్లో గాడిద కోసం ఎతుకుతా ఉంది గదా. ఆవిడకంటే ముందు మనం తెలుసుకోడం ఏం బాగుంటది?"

నేను ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. 

"యాడ ఆపాం?" అంది.

కార్తీక శుద్ధ చతుర్దశి

పడవ వస్తున్నట్టు పొద్దున్నే ఫోన్ చేసింది. నీరు ఆమె మొదటి మెట్టు దాకా వచ్చిందట. మూట కట్టుకుంది. పుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైట కింద దోపుకుంది.

"మాట్టాడకుండా విను," అంది.

విన్నాను. ఆమె చదివింది. ఒక్కో అక్షరం పట్టుకుని, వదిలి, మళ్ళీ వెనక్కి వచ్చి. ఒక చోట ఆగిపోతే నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఆమే దాటింది.

"గంగ... ఆ... పూ... ట... అన్నం... వండ... లేదు."

 కళ్ళలో నీళ్ళు నిండి నాకేమీ కనిపించలేదు.

"సరిగ్గా సదివానా?"

"సరిగ్గానే చదివావక్కా."

"ఎందుకు వండలేదంటావ్?"

"తెలియదు."

"నేను పోయి తెలుసుకుంటాలే. పడవోడు అరుత్తన్నాడు. ఉప్పు తక్కువెయ్యి కూరలో, నీకు కడుపు మంచిది కాదు."

ఫోను పెట్టేసింది. పైకెక్కి చూశాను. పడవ కనిపించలేదు, ఎండ మెరుపు ఎక్కువగా ఉంది.

కార్తీక బహుళ విదియ

కట్ట తెగింది. ఉత్తరపు బురుజు సగానికి వంగి నీళ్ళలో ఉంది. పాత గట్టు నిలబడింది. నా పంపులు రెండూ నడుస్తున్నాయి. ఫోను ఎత్తితే చప్పుడు లేదు. అయినా పాటు వేళకి ఎత్తాను.

మార్గశిర శుద్ధ అష్టమి

గాలి ఈశాన్యం. జల్లెడ శుభ్రం చేశాను.

వచ్చిన కొత్తలో ఒంటరితనం అంటే నాకు ఏమీ తెలిసేది కాదు. మొద్దుబారి ఉన్నాను. ఇప్పుడు బాగా తెలుస్తోంది. ఈ పాటు వేళ ఖాళీగా ఉన్న కుర్చీలా ఉంటుంది.

నా దగ్గరున్న పొట్లం కాగితాలు నీళ్ళతో తుడిచి, బరువు కింద పెట్టి సాపు చేశాను. మెట్ల మీద ఎండలో కూర్చుని పైకి చదువుతాను. గంగ హార్మోనియం తుడిచే చోటు వచ్చినప్పుడు మెల్లగా చదువుతాను. అక్కడ రాసినవాళ్ళు ఎవరో గాని గుడ్డ తిప్పడం ఎంత బాగా చూశారో. ముందు చదివినప్పుడు ఈ గుడ్డ నా కంట పడలేదు. నిన్న ఆ పేజీలు అయిపోయాక ఊరుకోలేక కిరసనాయిలు డబ్బా మీద జాగ్రత్తలు చదివాను. మందుల పెట్టె మీద ఉన్నవీ చదివాను. చదవడానికి ఇంకేమీ లేక ఏడుపొచ్చింది. అందులో సంతోషం కూడా ఉందని ఇక్కడ రాసి పెడుతున్నాను.

పుష్య శుద్ధ తదియ

సరుకుల పడవ దక్షిణం వైపు నుంచి వచ్చింది. పడవవాడి పేరు అంకినీడు. డీజిల్, బియ్యం, కొత్త గిలక దింపాడు. గిలక ఇక ఎందుకు? తీసుకుని పక్కన పెట్టాను.

అన్నీ దింపాక కుడిచేతి చొక్కా పైకి మడిచాడు. "ఇది మీకు చూపించమందండి ఆ పేరంటాలు," అన్నాడు.

మోచేతి కింద మసితో ఒక అక్షరం. ఉప్పునీళ్ళకి సగం చెరిగింది.

"మెట్టన శిబిరంలో ఉంటందండి. పొద్దు వాలాక రేకులషెడ్డు కింద కూర్చుని సదువుద్ది. ముప్పావు ఊరు దాని సుట్టే. చెవిపూస పెట్టుకున్నోళ్ళని మాత్రం దగ్గరికి రానీదు. అది ముందే సెప్పేస్తదంట గదా. మొన్న ఈ అచ్చరం కాడ ఆగిపోయింది. ఇది మీరు తనకి సెప్పలేదంట. పట్నంలో ఎవుర్నడిగినా రాలా. మిమ్మల్నే అడిగి రమ్మంది. అందాకా కత ముందుకి పోదండి. జనం నన్ను తిడతన్నారు."

అతని చెయ్యి పట్టుకుని ఎండలోకి తిప్పాను. చెరిగిన చోట వంపు ఎటు తిరిగిందో చూశాను.

"ఝ," అన్నాను.

"జ."

"జ కాదు. లోపలి గాలి కూడా వదలాలి. ఝ."

అతను చాలాసార్లు అన్నాడు. నవ్వాడు. మళ్ళీ అన్నాడు. చివరికి వచ్చింది.

ఝతో మొదలయ్యే మాటలు తెలుగులో ఎన్నో లేవు. హార్మోనియం ఝుమ్మని ఉంటుందా? లేక గుండె ఝల్లుమని ఉంటుందా? ఆ రెండిటికీ మధ్య కథ ఎటైనా పోతుంది. పక్కన కొమ్ము ఉందా, తరవాతి అక్షరం ఎట్టా ఉంది అని అడగబోయాను. అతనికి ఆ ఒక్క అక్షరమే ఇచ్చి పంపింది. ఊరుకున్నాను.

"మళ్ళీ వచ్చేటప్పుడు ఏం తేవాలండి?" అని అడిగాడు.

"నా బదులు ఒక మనిషిని తీసుకురా. పంపులు నేర్పి నీతో శిబిరానికి వచ్చేస్తాను. కార్యాలయంలో నా పేరు చెప్పు, వకుళ అడిగిందని."

అతను తల ఊపాడు, నోరు తెరవలేదు. వేరే మాట మాట్లాడితే అక్షరం జారిపోతుందని భయం కాబోలు. పడవ ఎక్కి ఇంజను తిప్పాడు. పడవ మలుపు తిరుగుతుంటే గట్టిగా అనడం మొదలుపెట్టాడు. ఝ. ఝ. ఝ. కట్ట మీద దక్షిణం వైపు కొంత దూరం వెంట నడిచాను. ఇంజను మోతలో కలిసిపోయేదాకా వింటూ నిలబడ్డాను.

నీటిమట్టం మామూలు.